పాకిస్తాన్ సైనిక పాలన వారసత్వంపై తెలుగులో ఆరు ఆదివారాలు: మల్లేశ్వరం చదువు గది తరగతుల సమీక్ష

బెంగళూరు మల్లేశ్వరంలో, సంపిగె రోడ్డు నుంచి చీలే అడ్డవీధుల్లో ఒకదానిలో, స్టేషనరీ దుకాణం పై అంతస్తున తెలుగువాళ్లు కొందరు చందాలతో నడుపుతున్న చదువు గది ఉంది. బోర్డు లేదు, ప్రకటనలు వేయరు. ముప్పై కుర్చీలకు మించి పట్టవు కాబట్టి పేరు బయట పెట్టవద్దని నిర్వాహకులు కోరారు, ఆ కోరికను ఇక్కడ గౌరవిస్తున్నాను. అక్కడ ఈ మధ్య ఆరు ఆదివారాల పాటు పాకిస్తాన్ రాజకీయాల్లో సైనిక పాలన మిగిల్చిన వారసత్వం మీద తరగతులు జరిగాయి. రుసుము 1,500 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. ఆ డబ్బుకు తగిన చదువు దొరికిందా అని అడిగితే, దొరికిందనే చెబుతాను. లోపాలు లేకపోలేదు, వాటిలో ఒకటి పెద్దదే. అయినా ఈ విషయం మీద తెలుగులో ఇంత నింపాదిగా, కాగితాలు ముందు పెట్టుకుని జరిగిన చర్చను నేను మరెక్కడా వినలేదు.

మొదటి రోజే నిర్వాహకులు ఒక నియమం పెట్టారు. సరిహద్దు తగాదాలు, క్రికెట్, ఆ వారం టీవీలో నడుస్తున్న గొడవ చర్చలోకి రాకూడదు. ఒక సైనిక ప్రభుత్వాన్ని అది మన దేశంతో ఎలా మెలిగిందన్న లెక్కతో కాక, తన పౌరులను ఏం చేసిందన్న లెక్కతో తూచాలి. వినడానికి చిన్న నియమమే అయినా, దాని వల్ల గది వాతావరణమే మారిపోయింది. పాకిస్తాన్ అనగానే కోపంతోనో వెటకారంతోనో మాట్లాడే అలవాటున్నవాళ్లు కూడా, ఎదుట ఉన్నది ఒక దేశపు రాజ్యాంగ చరిత్ర అని గ్రహించి గొంతు తగ్గించారు.

రెండో నియమం వాదనకు సంబంధించింది. ప్రతి తరగతిలో మొదటి గంటన్నర ఉపన్యాసం, తర్వాత కాఫీ, ఆ తర్వాత చీట్లు తీసి వాదన. ఎవరి చీటీలో ఏ పక్షం వస్తే వాళ్లు ఆ పక్షాన్నే వాదించాలి, సొంత అభిప్రాయం ఏదైనా సరే. చేతిలో ఉన్న కాగితంలో లేని సంగతిని ఆధారంగా చూపకూడదు. ప్రతి వారం ఎనిమిది నుంచి పన్నెండు పుటల కాగితాలు ఇస్తారు. కోర్టు తీర్పుల ముఖ్యభాగాలు, రాజ్యాంగ సవరణల పాఠాలు, ప్రజాభిప్రాయ సేకరణలో అడిగిన ప్రశ్నలు, అన్నీ తెలుగులోకి తెచ్చి అచ్చు వేసినవి. ఈ తరగతులకు ప్రాణం ఆ కాగితాలే.

చాలామంది పాకిస్తాన్ సైనిక పాలన కథను 1958 అక్టోబరులో మొదలుపెడతారు. ఇక్కడ ఉపన్యాసకులు 1954 అక్టోబరు 24 నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభను రద్దు చేశారు. ఆ వెంటనే ఏర్పడిన మంత్రివర్గంలో సర్వసైన్యాధిపతిగా ఉన్న అయూబ్ ఖానే రక్షణమంత్రిగా కూడా కూర్చున్నారు. సైనికాధికారి యూనిఫాం విప్పకుండానే మంత్రి కుర్చీ ఎక్కారు. సభాధ్యక్షుడు మౌల్వీ తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకు వెళ్లారు. సింధ్ చీఫ్ కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇస్తే, 1955 మార్చిలో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ మునీర్ నాయకత్వంలో వచ్చిన ఆ తీర్పుకు జస్టిస్ ఏ.ఆర్. కార్నీలియస్ ఒక్కరే అసమ్మతి రాశారు. అదే ఏడాది అదే మునీర్ గవర్నర్ జనరల్ చర్యలను కాపాడడానికి ఆవశ్యకతా సిద్ధాంతాన్ని తెచ్చారు. మామూలుగా చెల్లని పని కూడా, రాజ్యాన్ని నిలబెట్టడానికి తప్పనిసరి అయితే చెల్లుతుందని దాని సారం. సైన్యం ఇంకా అధికారాన్ని చేజిక్కించుకోలేదు. దారి మాత్రం అప్పటికే సిద్ధమైపోయింది.

ఆ వారం ఇచ్చిన కాగితాల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది దోసో కేసు. దోసో బలూచిస్తాన్‌లోని లోరలాయి ప్రాంతపు మనిషి. హత్య కేసులో మామూలు న్యాయస్థానం కాక, బ్రిటిష్‌వాళ్లు 1901లో చేసిన సరిహద్దు నేరాల చట్టం కింద పెద్దమనుషుల పంచాయతీ అతనికి శిక్ష వేసింది. పౌరులందరికీ ఒకే న్యాయం ఉండాలన్న 1956 రాజ్యాంగపు హామీని పట్టుకుని అతని తరఫువాళ్లు హైకోర్టులో గెలిచారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఈలోపు 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రాజ్యాంగాన్నే రద్దు చేసి మార్షల్ లా పెట్టారు. అక్టోబరు 27న సుప్రీంకోర్టు, విజయవంతమైన విప్లవం తన చట్టబద్ధతను తానే తెచ్చుకుంటుందని చెప్పి దోసో గెలుపును కొట్టేసింది. ఆ రాత్రే అయూబ్ ఖాన్ మీర్జాను దింపేశారు. పొద్దున కోర్టు ఎవరిని చట్టబద్ధ పాలకుడిగా ఒప్పుకుందో, రాత్రికి ఆ మనిషి పదవిలో లేడు. ఒక మారుమూల మనిషి తన విచారణ సరిగా జరగలేదని వేసిన పిటిషన్ మీదుగా ఒక దేశం సైనిక పాలనకు చట్టపు ముద్ర పడిందన్న సంగతిని ఉపన్యాసకులు తొందరపడకుండా, తేదీ తర్వాత తేదీగా విప్పి చెప్పారు. జనరళ్ల మంచిచెడ్డల మీద మొదలయ్యే చర్చ, న్యాయమూర్తుల కలం మీదికి మళ్లింది అక్కడే. తక్కిన వారాలన్నీ ఆ దారిలోనే నడిచాయి.

అయూబ్ ఖాన్ మీద జరిగిన వాదన ఈ తరగతుల్లో అన్నిటికంటే రసవత్తరంగా సాగింది. మా బృందంలో అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరున్నారు. నీళ్లు లేని ప్రాంతంలో పెరిగినవారు కావడంతో ఆనకట్ట కట్టిన పాలకుడంటే ఆయనకు సహజంగానే గౌరవం. కాఫీ సమయంలో ఆయన పక్కన కూర్చున్న న్యాయశాస్త్ర విద్యార్థినితో, "ఏమ్మా, మంగ్లా ఎవరు కట్టినారు, తర్బేలాకు పునాది ఎవరు వేసినారు? ఓట్లు వేయించుకున్నోళ్లా?" అన్నారు. ఆ అమ్మాయి కాగితం తిప్పి, "సార్, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మూడో పుటలో ఉంది, ఒకసారి చూడండి" అంది. ఆ పుటలో ఉన్నది 1960 సెప్టెంబరులో కరాచీలో నెహ్రూ, అయూబ్ సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం సారాంశం. కాలువలు, ఆనకట్టల నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు, పాశ్చాత్య దేశాలు సమకూర్చిన నిధితో పాటు, మన దేశం కూడా 6 కోట్ల 20 లక్షల పౌండ్లు ఇచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ పేరాను రెండుసార్లు చదివారు.

చీట్లు తీస్తే ఆయనకు అయూబ్‌కు వ్యతిరేక పక్షం, ఆ అమ్మాయికి అనుకూల పక్షం వచ్చాయి. ఆమె చక్కగా వాదించింది. అయూబ్ కాలంలో ఆర్థిక వృద్ధి ఏడాదికి సగటున 6 శాతం పైనే ఉంది. 1961 ముస్లిం కుటుంబ చట్టాల ఆర్డినెన్సు బహుభార్యాత్వం మీద, ఏకపక్ష విడాకుల మీద ఆంక్షలు పెట్టింది. మత పెద్దల ఒత్తిడికి లొంగే పౌర ప్రభుత్వమైతే ఆ చట్టం తెచ్చేదేనా అని ఆమె అడిగిన ప్రశ్నకు గదిలో ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేకపోయింది. పెద్దాయన నిదానంగా లేచి, తనకిష్టమైన ఆనకట్టల జోలికి పోకుండా, మూడు సంగతులు చెప్పారు. ప్రణాళికా సంఘం ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న మహబూబుల్ హక్ 1968లో, దేశ పరిశ్రమల్లో మూడింట రెండు వంతులు 22 కుటుంబాల చేతిలో ఉన్నాయని బయటపెట్టారు. 1959లో తెచ్చిన ప్రాథమిక ప్రజాస్వామ్య పద్ధతిలో అధ్యక్షుణ్ని ఎన్నుకునే హక్కు దేశం మొత్తం మీద 80,000 మందికే ఉంది, 1965 జనవరిలో అయూబ్ మీద పోటీచేసిన ఫాతిమా జిన్నా ఓడిపోయింది ఆ 80,000 మంది ఓట్ల లెక్కలోనే. ఇక 1969 మార్చిలో దిగిపోవలసి వచ్చినప్పుడు, తాను రాయించిన 1962 రాజ్యాంగం ప్రకారం అధికారం జాతీయ అసెంబ్లీ స్పీకరుకు వెళ్లాలి. అయూబ్ దాన్ని సైన్యాధిపతి యాహ్యా ఖాన్‌కు ఇచ్చి వెళ్లారు. "తాను కట్టిన ఇంట్లో తానే కాపురం చేయలేకపోయినాడు" అని ఆయన ముగించారు. ఆ స్పీకరు బెంగాలీ అన్న సంగతిని ఉపన్యాసకులు తర్వాత జతచేశారు. ఆ మాటతో తర్వాతి వారం పాఠానికి దారి పడింది.

1971 మీద జరిగిన తరగతి గురించి ఇక్కడ తక్కువే రాస్తాను. అందులోని సంగతులు మన పాఠకులకు ఎక్కువగా తెలిసినవే. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలిచింది. అధికారం ఇవ్వవలసిన చోట 1971 మార్చి 25న సైన్యాన్ని దింపారు. ఈ తరగతిలో నాకు కొత్తగా తోచింది, ఆ ఎన్నికలను నడిపింది కూడా సైనిక ప్రభుత్వమేనన్న కోణం. పాకిస్తాన్ చరిత్రలో వయోజన ఓటు మీద దేశమంతటా జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు అవే, నిష్పక్షపాతంగా జరిగాయన్న పేరు కూడా వాటికే ఉంది. ఫలితాన్ని ఒప్పుకోలేకపోయింది యాహ్యా ఒక్కరేనా, 81 స్థానాలతో పశ్చిమాన పెద్ద పార్టీగా నిలిచిన భుట్టో కూడానా అన్న వాదన గట్టిగా సాగింది. 1972లో అస్మా జిలానీ కేసులో సుప్రీంకోర్టు యాహ్యాను దురాక్రమణదారుగా ప్రకటించి దోసో తీర్పును కొట్టేసింది. అప్పటికి యాహ్యా పదవిలో లేరు. పాలకుడు పోయాక ధైర్యం తెచ్చుకునే అలవాటు ఆ కోర్టుకు అప్పటి నుంచే ఉందని ఉపన్యాసకులు అన్నారు, అది సరైన మాటే.

జియా ఉల్ హక్ వారాలు రెండు. ఈ తరగతుల అసలు విలువ వాటిలోనే ఉంది. 1977 జులై 5న ప్రధానిగా ఉన్న భుట్టోను దింపి, తొంభై రోజుల్లో ఎన్నికలు పెడతానన్న మనిషి 1988 ఆగస్టు 17న బహావల్పూర్ దగ్గర విమానం కూలి చనిపోయేదాకా పదకొండేళ్లు పాలించారు. 1977 నవంబరులో, భుట్టో భార్య నుస్రత్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆవశ్యకతా సిద్ధాంతాన్ని మళ్లీ బయటికి తీసి, రాజ్యాంగాన్ని సవరించే అధికారం కూడా సైనిక పాలకుడికి ఇచ్చింది. 1979 ఏప్రిల్ 4న రావల్పిండిలో భుట్టోను ఉరితీశారు. ఆయనకు న్యాయమైన విచారణ జరగలేదని అదే సుప్రీంకోర్టు 2024 మార్చిలో అభిప్రాయం చెప్పింది. ఇవన్నీ ఉపన్యాసకులు చెప్పారు. గదిని నిశ్శబ్దం చేసింది మాత్రం ఒక పుటలో ఉన్న ఒకే ఒక వాక్యం. 1984 డిసెంబరు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటరును అడిగిన ప్రశ్న అది.

ఆ వాక్యాన్ని తెలుగులో అచ్చు వేస్తే ఆరు పంక్తులకు పైగా వచ్చింది. చట్టాలను ఖురాన్, సున్నత్ (ప్రవక్త సంప్రదాయం) ప్రకారం మార్చడానికి జనరల్ జియా మొదలుపెట్టిన ప్రక్రియను, దేశ సిద్ధాంత రక్షణను, ఆ ప్రక్రియ కొనసాగింపును, ప్రజాప్రతినిధులకు సాఫీగా అధికార బదిలీని మీరు సమర్థిస్తున్నారా అన్నది దాని అర్థం. జియా అధ్యక్షుడుగా ఉండాలా అన్న మాట అందులో ఎక్కడా లేదు. కానీ 'అవును' అని వేసిన ప్రతి ఓటూ ఆయనను మరో అయిదేళ్లకు అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టే లెక్క. మతం మీద భక్తి ఉన్న సామాన్యుడు 'కాదు' అని ఎలా వేయగలడు? అధికారిక లెక్క ప్రకారం 'అవును' ఓట్లు 98 శాతానికి దగ్గరగా వచ్చాయి. ఒక గృహిణి ఆ ప్రశ్నను బిగ్గరగా చదివి, ఊపిరి చాలక మధ్యలో ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆగడంతోనే ఆ ప్రశ్న నిర్మాణం మాకు అర్థమైంది. అయూబ్ 1960లో, ముషారఫ్ 2002లో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలను కూడా పక్కపక్కనే అచ్చు వేసి ఇచ్చారు. మూడింటిలోనూ 95 శాతానికి పైగా 'అవును' రావడం చూశాక, ఆ అంకెల మీద మళ్లీ వాదన అవసరం లేకపోయింది.

వారసత్వం అన్న మాటకు నాకు నిజమైన అర్థం దొరికింది రాజ్యాంగ సవరణల కాగితంలో. 1985 నవంబరులో వచ్చిన ఎనిమిదో సవరణ, 58వ అధికరణలోని 2(బి) క్లాజు ద్వారా, జాతీయ అసెంబ్లీని తన విచక్షణతో రద్దు చేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. దాన్ని మొదట వాడింది జియానే. 1988 మే 29న, ప్రధాని జునేజో విదేశీ పర్యటన నుంచి తిరిగివచ్చిన రోజునే ఆయనను ఇంటికి పంపారు. జియా పోయాక, అదే ఏడాది అక్టోబరులో, ఆ రద్దు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది, కానీ ఎన్నికలు దగ్గరపడ్డాయని సభను పునరుద్ధరించలేదు. ఆ తర్వాత అదే క్లాజుతో 1990లో బేనజీర్ భుట్టో, 1993లో నవాజ్ షరీఫ్, 1996లో మళ్లీ బేనజీర్ పదవులు పోగొట్టుకున్నారు. ఈ మూడుసార్లూ సంతకం పెట్టింది పౌర అధ్యక్షులే, చివరిసారి పెట్టిన ఫారూఖ్ లెఘారీ బేనజీర్ సొంత పార్టీ మనిషి. ఒకరు పడిపోయినప్పుడు మరొకరు సంతోషించారు. 1997లో తీసేస్తే 2003లో ముషారఫ్ పదిహేడో సవరణతో మళ్లీ పెట్టారు, 2010 ఏప్రిల్‌లో పద్దెనిమిదో సవరణతో మళ్లీ తీసేశారు. జనరల్ వెళ్లిపోతాడు, అతని పనిముట్టు మాత్రం ఇంట్లోనే ఉండిపోయి, ఇంటివాళ్లే దాన్ని ఒకరి మీద ఒకరు ఎత్తుతారు. ఈ సంగతి చెప్పే వ్యాసాలు ఎన్నో చదివి ఉంటాం గానీ, తేదీలూ పేర్లూ వరసగా ఒకే పుటలో చూసినప్పుడు కలిగే నమ్మకం వేరు.

ఆ వరసలోని కడపటి ఉదాహరణ మరీ బలమైనది. శాసనసభ్యుడు సత్యవంతుడు, విశ్వాసపాత్రుడు అయి ఉండాలన్న షరతు 62వ అధికరణలోకి 1985లో జియా చొప్పించిందే. 2010లో రాజ్యాంగం నుంచి జియా పేరును కూడా తొలగించిన పార్లమెంటు, ఈ షరతును మాత్రం అలాగే ఉంచింది. 2017 జులై 28న నవాజ్ షరీఫ్‌ను సుప్రీంకోర్టు పదవికి అనర్హుడిగా ప్రకటించింది ఆ షరతు కిందనే. నవాజ్ షరీఫ్ రాజకీయాల్లోకి వచ్చిందే 1981లో, జియా కాలపు పంజాబ్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా. భుట్టో తొలి మంత్రి పదవి 1958లో మీర్జా, అయూబ్‌ల చలవే. పెద్ద పార్టీల నాయకులు సైన్యం నీడన పెరిగి, ఆ తర్వాత దానితోనే తలపడ్డారన్న సంగతిని ఎవరినీ తిట్టకుండా, ఎవరినీ వెనకేసుకురాకుండా చెప్పగలగడం ఉపన్యాసకుల గొప్పతనం.

స్థానిక సంస్థల మీద జరిగిన వాదన కూడా మెచ్చదగినదే. పాకిస్తాన్‌లో స్థానిక ప్రభుత్వాలను ఏర్పాటు చేయడంలో అందరికంటే ముందున్నది సైనిక పాలకులే. 1959లో అయూబ్, 1979లో జియా, 2001లో ముషారఫ్ తలా ఒక పద్ధతి తెచ్చారు. ప్రాంతీయ, జాతీయ స్థాయి పార్టీలను పక్కకు తోయడానికే ఈ ప్రేమ అన్నది ఒక పక్షం. ఉద్దేశం ఏదైనా, ముషారఫ్ కాలంలో స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు వచ్చాయి, జాతీయ అసెంబ్లీలో 60 స్థానాలు వారికి కేటాయించారు, ఆ తర్వాత వచ్చిన పౌర ప్రభుత్వాలు స్థానిక ఎన్నికలను ఏళ్లకు ఏళ్లు వాయిదా వేశాయి అన్నది రెండో పక్షం. పంచాయతీ ఎన్నికలు వాయిదా పడితే ఏమవుతుందో ఎరిగిన మన ఊళ్లవాళ్లు ఈ వాదనలో సొంత అనుభవంతో పాల్గొన్నారు. పార్టీలు లేకుండా జరిపిన 1985 ఎన్నికల్లో అభ్యర్థులు బిరాదరీల మీద, అంటే కుల బంధువర్గాల మీద ఆధారపడవలసి వచ్చిందని, 1984లో విద్యార్థి సంఘాలను నిషేధించడంతో కొత్త నాయకులు పుట్టే తొట్టి ఎండిపోయిందని న్యాయశాస్త్ర విద్యార్థిని చెప్పిన మాట నాకు అన్నిటికంటే సబబుగా అనిపించింది. చట్టాలను మార్చవచ్చు, నలభై ఏళ్లుగా అలవాటైన ఎన్నికల తీరును మార్చడం అంత తేలిక కాదు.

ఇక లోపాలు. ముషారఫ్ కాలాన్ని ఒక్క ఆదివారంలో చుట్టబెట్టడం వల్ల ఆ వారం పరుగులా సాగింది. ప్రైవేటు టీవీ చానళ్లకు తలుపులు తెరిచిన పాలకుడే 2007 నవంబరు 3న వాటి ప్రసారాలు ఆపించారన్న సంగతికీ, 2007 మార్చిలో ప్రధాన న్యాయమూర్తి ఇఫ్తికార్ చౌధరిని తొలగించబోయి న్యాయవాదుల ఉద్యమాన్ని కొనితెచ్చుకున్న కథకూ అరగంట కూడా దొరకలేదు. ఆయన మీద దేశద్రోహ విచారణ జరిగింది 2007 ఎమర్జెన్సీ మీదే గాని, 1999 అక్టోబరు 12న ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చినందుకు కాదు. కూల్చివేతను 2000 మేలో సుప్రీంకోర్టు, 2003లో పార్లమెంటు ఆమోదించేశాయి. ఇది ఈ తరగతుల ప్రధాన వాదానికే ఊపిరి లాంటి సంగతి. దాన్ని రెండు వాక్యాల్లో దాటేయడం నాకు బాధ కలిగించింది. 2019 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం వేసిన మరణశిక్షను 2024 జనవరిలో, ముషారఫ్ చనిపోయిన దాదాపు ఏడాదికి, సుప్రీంకోర్టు ఖాయం చేసిన తీర్పు పాఠం కాగితాల్లో లేనే లేదు.

ఆర్థిక విషయాల్లో విదేశీ సాయం పాత్ర సరిగా రాలేదు. అయూబ్ కాలపు ప్రచ్ఛన్న యుద్ధ కూటములు, 1981లో జియాకు అమెరికా ప్రకటించిన 320 కోట్ల డాలర్ల సాయం, 2001 డిసెంబరులో అప్పులిచ్చిన దేశాల బృందమైన పారిస్ క్లబ్ ఆ అప్పుల గడువు పెంచడం, ఈ మూడూ పక్కపక్కన పెడితే సైనిక పాలనలో ఆర్థిక వ్యవస్థ బాగుంటుందన్న నమ్మకంలో ఎంత బలముందో ఎవరికి వారే తేల్చుకోగలరు. అది మా చేత చేయించలేదు.

పెద్ద లోపం బలూచిస్తాన్. దోసో కథతో మొదలైన తరగతుల్లో బలూచిస్తాన్ మళ్లీ కనిపించింది చివరి వారంలో, పది నిమిషాలు మాత్రమే. 1973లో అక్కడి ఎన్నికైన ప్రభుత్వాన్ని అప్పటి పౌర అధ్యక్షుడు భుట్టోనే బర్తరఫ్ చేసి సైన్యాన్ని పంపారు. 2006 ఆగస్టు 26న బలూచ్ నాయకుడు అక్బర్ బుగ్తీ సైనిక చర్యలో మరణించారు. పౌర పాలన, సైనిక పాలన అన్న తేడా కొన్ని ప్రాంతాల ప్రజలకు ఎందుకు పెద్దగా తెలియలేదన్న ప్రశ్నకు ఈ రెండు తేదీల మధ్య ఉన్న జవాబు ఒక పూర్తి ఆదివారానికి సరిపడేది. లాహోర్, రావల్పిండి, ఇస్లామాబాద్‌ల నుంచి మాత్రమే చూస్తే ఈ చరిత్ర సగమే కనిపిస్తుంది. ఈ విషయం నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇచ్చాను.

కాగితాల తెలుగు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తీర్పుల భాషను తెలుగులోకి తేవడం తేలిక పని కాదు. అనువదించినవారు పాత్రికేయ భాషను వాడారు, సంస్కృత సమాసాల బరువు పెట్టలేదు. కార్నీలియస్ అసమ్మతి భాగం చదువుతున్నప్పుడు, 1976లో మన ఎమర్జెన్సీ కాలపు హెబియస్ కార్పస్ కేసులో ఒంటరిగా నిలిచిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా గుర్తుకు వచ్చారు. ఆ పోలికను ఉపన్యాసకులు తామై తేలేదు, వినేవాళ్లకు వదిలేశారు. అచ్చుతప్పులు అక్కడక్కడా ఉన్నాయి, నాలుగో వారం కాగితాల్లో రెండు పుటలు తారుమారయ్యాయి. సవరణల పట్టికను కొంచెం పెద్ద అక్షరాల్లో వేస్తే పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుంది.

గది మూడో వరస దాటితే ఉపన్యాసం సరిగా వినబడదు, కిటికీ కింద ఆటోల చప్పుడు ఎక్కువ. మైకు లేదు. మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. సంపిగె రోడ్డు మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లు బండి తీయకుండా మెట్రోలో వస్తే మేలు, ఆ వీధిలో ఆదివారం సాయంత్రం బండి నిలపడానికి చోటు దొరకదు. కాఫీ రుసుములోనే కలిసి ఉంది, బాగుంది.

పరీక్షలకు చదువుకునేవాళ్లు జవాబులు రాసుకుపోదామని వస్తే నిరాశపడతారు, ఎందుకంటే ఇక్కడ ఏ ప్రశ్నకూ తయారు జవాబు ఇవ్వరు. చరిత్రను నిదానంగా చదవడం ఇష్టమున్నవాళ్లకూ, న్యాయశాస్త్ర విద్యార్థులకూ, పత్రికల్లో పనిచేసేవాళ్లకూ గట్టిగా సిఫారసు చేస్తాను. అయూబ్ తర్వాత 2025 మేలో మళ్లీ ఒక సైన్యాధిపతికి, ఆసిమ్ మునీర్‌కు, ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది, అదే ఏడాది నవంబరులో 27వ సవరణ ఆ హోదాకు జీవితకాల రక్షణ ఇచ్చింది. ఈసారి ఆ పని చేసింది మార్షల్ లా కాదు, కూర్చుని ఉన్న పార్లమెంటే. తరగతులు ప్రధానంగా 2010 దగ్గర ఆగిపోవడంతో ఇది చివరి రోజు ప్రశ్నల సమయంలో మాత్రమే వచ్చింది. తర్వాతి విడతను మరిన్ని ఆదివారాలకు పెంచి, ముషారఫ్‌కు రెండు, బలూచిస్తాన్‌కు ఒకటి, 2010 తర్వాతి కాలానికి ఒకటి కేటాయించే ఆలోచన ఉందని, అప్పుడు రుసుము 1,800 రూపాయలు అవుతుందని నిర్వాహకులు చెప్పారు. అలా చేస్తే ఆ అదనపు 300 రూపాయలు సంతోషంగా ఇచ్చి మళ్లీ చేరతాను.